ఫోనుకు మన అక్షరాలు నేర్పే విద్య: యాప్‌ల నిర్మాణం నేర్వగోరు సరిహద్దు విద్యార్థులకు

2018 ఫిబ్రవరి మాసంలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచ వార్తలకెక్కింది. అది ‘జ్ఞా’. ఐఓఎస్ 11 మీద నడిచే ఐఫోనుకు ఆ అక్షరమున్న సందేశం వచ్చినంతనే సందేశాల యాప్ కూలిపోయేది. ఒక్కొక్కసారి ఆ సందేశపు తొలి పంక్తిని తెర మీద చూపబోయి ఫోను తనంతట తాను ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగేది. మ్యాక్ కంప్యూటర్లకూ, ఆపిల్ చేతిగడియారాలకూ అదే అవస్థ పట్టింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 అను కూర్పును విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. సంస్థ వెలువరించిన భద్రతా వివరణలో ఆ అక్షరం హానిబుద్ధితో కూర్చిన అక్షరసమూహాల కోవలో చేరింది. జ్ఞానమన్న మాటకు మొదటి అక్షరమైన దానికి ఆ గతి పట్టడం విచిత్రమే.

అసలు జరిగినదేమిటి? మన కంటికి ‘జ్ఞా’ ఒక అక్షరం. కంప్యూటరుకు అది జ, పొల్లు, ఞ, దీర్ఘపు గుర్తు అనే నాలుగు సంకేతాల వరుస. ఫోన్లను పడగొట్టిన రూపంలో ఐదవది కూడా ఉన్నది. ఞకూ దీర్ఘానికీ నడుమ, తెర మీద ఏ మాత్రం కనిపించని, వెడల్పు లేని విడదీత గుర్తు ఒకటి వచ్చి కూర్చున్నది. ఈ గుర్తు మనకు కొత్తది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాసేటప్పుడు టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారకుండా విడిగా నిలబడుతున్నదంటే ఆ గుర్తే కారణం. అది ఉండకూడని చోట ఉండుటచే అక్షరాలను పేర్చే ఆపిల్ వారి యంత్రాంగం దారి తప్పింది. అప్పట్లో మొజిల్లా సంస్థలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ ఈ లోపాన్ని విప్పి చూపుతూ చక్కని వ్యాసం వ్రాసినారు. హల్లు, పొల్లు, మరొక హల్లు, విడదీత గుర్తు, అచ్చు గుర్తు అనే అమరికతో బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని అక్షరాలు కూడా ఇదే పని చేయగలవని ఆయన నిరూపించినారు. యాప్‌ల నిర్మాణం నేర్వదలచిన తెలుగు విద్యార్థి చదవదగిన పాఠ్యాలలో అదొకటి. ఇంగ్లీషులో ఉన్నదనే కొరత తప్ప, విషయం పూర్తిగా మనదే.

సరిహద్దు జిల్లాల పిల్లలకు ఈ విద్యతో మరి కొంత దగ్గరి సంబంధం ఉన్నది. బళ్ళారిలో, హోసూరులో, రాయగడలో, గడ్చిరోలి జిల్లా సిరోంచలో తెలుగు ఇంటిభాష. బడిభాష చాలామందికి వేరు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం ఒకటవ తరగతి నుండి తమిళం క్రమక్రమంగా తప్పనిసరి అయి 2015-16 నాటికి పదవ తరగతి వరకు చేరింది. తక్కిన చోట్ల చట్టంతో పని లేకుండానే, తెలుగు మాధ్యమపు తరగతి గదులు ఖాళీ అవుతున్న కొలదీ అదే ఫలితం వస్తున్నది. తెలుగు చక్కగా మాట్లాడి, తెలుగు అక్షరం చదవలేని తరం ఒకటి ఇళ్ళలో పెరుగుతున్నది. అమ్మమ్మ వ్రాసిన ఉత్తరాన్ని మనుమరాలు ఎదుట పెట్టుకొని, ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని చూస్తున్నది. ఆ ఇబ్బందిని కొంతవరకు తీర్చగల యాప్‌ను హైస్కూలు విద్యార్థి స్వయంగా తయారు చేయవచ్చును. ఎట్లో ముందు చూద్దాము.

128 చేసే మేలు

ప్రపంచ లిపులన్నింటికీ అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి తొలి కూర్పు నుండియే ఉన్నది. మన లిపికి కేటాయించినవి 128 గళ్ళు: 3072 మొదలు 3199 వరకు. వెనువెంటనే కన్నడ లిపికి మరొక 128 గళ్ళు. భారతీయ లిపులకు గళ్ళు పంచినప్పుడు, అంతకు పూర్వమే మన దేశంలో రూపొందిన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి, ఒకే ధ్వనిని అన్ని లిపులలోనూ ఒకే వరుస స్థానంలో ఉంచినారు. తెలుగు ‘క’ సంఖ్య 3093. కన్నడ ‘క’ 3221. తేడా సరిగ్గా 128. గుణింతపు గుర్తులకూ, పొల్లుకూ, సున్నకూ అదే తేడా. అనగా తెలుగు వాక్యంలోని ప్రతి సంకేతానికి 128 కలిపితే అదే వాక్యం కన్నడ లిపిలోకి మారిపోతుంది. భాష తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడం. బళ్ళారి పిల్లవాడు ఆ ఉత్తరాన్ని గడగడా చదివేస్తాడు.

కాట్లిన్ భాషలో ఈ పనికి నాలుగైదు పంక్తులు చాలును. వాక్యంలోని సంకేతాలను ఒక్కొక్కటిగా తీసుకోవాలి. దాని సంఖ్య 3072కూ 3199కీ మధ్య ఉన్నదేమో చూడాలి. ఉంటే 128 కలపాలి, లేకుంటే ఉన్నదున్నట్లు వదలాలి. ఈ పరీక్ష మరచిన విద్యార్థి ఖాళీలకూ, చుక్కలకూ కూడా 128 కలిపి చెత్త రాబట్టుకొంటాడు. అదీ మంచిదే, ‘అయితే’, ‘లేకపోతే’ అనే షరతుల విలువ పుస్తకం కంటే ఆ చెత్తయే బాగా నేర్పుతుంది.

కన్నడంతో సులువుగా తీరినది తక్కిన లిపులతో తీరదు. అసలైన నేర్పు అక్కడే మొదలవుతుంది. తమిళ లిపి గళ్ళు మనకు 128 వెనుక ఉన్నవి. కాని ఖ, గ, ఘ వంటి వాటికి తమిళంలో అక్షరాలు లేవు గనుక ఆ గళ్ళు ఖాళీ. తీసివేత చేసి ఊరుకొంటే ‘గంగ’ అన్న మాటకు తెరపై పెట్టెలు కనబడతాయి. గకు బదులు తమిళ క వాడవలెనని ప్రత్యేకంగా ఒక పట్టిక వ్రాసుకోవాలి. ఒడియా గళ్ళు 256 వెనుక. అక్కడ హ్రస్వమైన ఎ, ఒ లేవు. ‘ఎలుక’ను ‘ఏలుక’ చేయక తప్పదు. దేవనాగరి 768 వెనుక. అందులో హ్రస్వ ఎకారానికి గడి ఉన్నది గాని మరాఠీ చదివే పిల్లలకు ఆ అక్షరం పరిచయం లేదు. ప్రామాణికంగా ఉన్న అక్షరమూ, చదువరికి తెలిసిన అక్షరమూ ఒకటి కానవసరం లేదని ఇక్కడ బోధపడుతుంది. సిరోంచ విద్యార్థి ఏది ఎంచుకోవాలో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. పక్కింటి పిల్లవాని చేత చదివించి తేల్చుకోవాలి.

తొలి పాఠాలు ఎక్కడ?

పైన చెప్పిన కాట్లిన్ వరకు ఒకేసారి దూకనక్కరలేదు. పన్నెండు, పదమూడేండ్ల పిల్లలకు యాప్ ఇన్వెంటర్ అనే ఉచిత సాధనం తగినది. గూగుల్ సంస్థలో హాల్ ఏబెల్సన్ ఆచార్యుని చొరవతో 2010లో వెలువడి, 2012 నుండి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తున్నది. ఇందులో ప్రోగ్రాము టైపు చేయరు; రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తారు. ‘బొత్తాము నొక్కినప్పుడు’ అనే దిమ్మెలో ‘ఈ మాట పలుకు’ అనే దిమ్మె పెడితే ఫోను పలుకుతుంది. కంప్యూటరులో బ్రౌజరు ఉంటే చాలును. ఫోనులో దానికి తోడుగా ఉండే యాప్ వేసుకొంటే, కంప్యూటరు తెర మీద చేసిన మార్పు అప్పటికప్పుడే ఫోనులో కనబడుతుంది. లిపి మార్పిడిని ఇందులో చేయదలచినవారు కూడిక బదులు రెండు వరుసల జాబితా తయారు చేసి, ఒక వరుసలోని అక్షరానికి రెండవ వరుసలోని అక్షరాన్ని ప్రతిక్షేపించవచ్చును. కాస్త శ్రమే. ఆ శ్రమ పడిన విద్యార్థికి తరువాత కాట్లిన్‌లో ఒక్క కూడికతో పని ముగిసినప్పుడు కలిగే ఆనందం మాత్రం వేరు.

ఆ తరువాతి మెట్టు ఆండ్రాయిడ్ స్టూడియో. 2013లో గూగుల్ ప్రకటించిన ఈ సాధనమే నేడు ఆండ్రాయిడ్ యాప్‌ల కర్మాగారం. పూర్వం జావా భాషలో వ్రాసేవారు. 2017లో కాట్లిన్‌కు అధికారిక గుర్తింపు వచ్చింది, 2019 నుండి గూగుల్ దానికే ప్రథమ స్థానం ఇచ్చినది. జావా ఒక ద్వీపం పేరైనట్లే కాట్లిన్ కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్ చెంత ఉన్న ద్వీపం పేరే. గూగుల్ వారు ఉచితంగా అందించే ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ పాఠాలు, ప్రోగ్రామింగ్ అసలు తెలియనివారిని కూడా దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. వేరే దారులూ ఉన్నవి: డార్ట్ భాషతో ఫ్లటర్, జావాస్క్రిప్టుతో రియాక్ట్ నేటివ్. ఒకే ప్రోగ్రాము ఆండ్రాయిడ్‌కూ ఐఫోనుకూ పనికిరావడం వీటి సౌలభ్యం. ఏది గొప్పదనే వాదోపవాదాలలో ఆరు నెలలు పోగొట్టుకొనే విద్యార్థులున్నారు. ఏదో ఒకటి పట్టుకొని చివరిదాకా ఒక చిన్న యాప్ పూర్తి చేయుట మేలు.

కంప్యూటరు సంగతి దాచిపెట్టి లాభం లేదు. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. అంతకు తక్కువైతే ప్రోగ్రాము కంటే ఎదురుచూపు ఎక్కువ. ఐఫోను యాప్‌లకు మ్యాక్ కంప్యూటరు తప్పనిసరి గనుక మన పిల్లలలో అత్యధికులకు ఆ ద్వారం ప్రస్తుతానికి మూసినట్లే. బడిలోని పాత కంప్యూటరుతో యాప్ ఇన్వెంటర్ నేర్వవచ్చును. ఫోను తప్ప ఏదీ లేనివారు కూడా కాట్లిన్ ప్లేగ్రౌండ్, డార్ట్‌ప్యాడ్ అనే చోట్ల బ్రౌజరులోనే చిన్న ప్రోగ్రాములు వ్రాసి ఫలితం చూడవచ్చును. 128 కలిపే ప్రోగ్రామును అక్కడే పరీక్షించవచ్చును.

తెలుగులో పాఠాలు లేవా అంటే, కొన్ని ఉన్నవి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు భారతీయ భాషలలోకి, అందులో తెలుగులోకి కూడా, డబ్బింగు అయినవి. ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు. దింపుకొని ఇంటర్నెట్ లేని చోట కూడా చూడవచ్చును. తెరకు ఒక పక్క పాఠం, మరొక పక్క అభ్యాసం అనే పద్ధతి ఉపాధ్యాయుడు లేని లోటును కొంత పూరిస్తుంది. ప్రోగ్రామింగు పునాదికి ఇవి సరిపోతాయి. ఆపైన ఇంగ్లీషు తప్పదు. అయితే అది సాహిత్యపు ఇంగ్లీషు కాదు, ఐదారువందల మాటలు తెలిస్తే నెట్టుకురాగల ఇంగ్లీషు.

అక్షరాలను లెక్కించుట

తెలుగు యాప్ చేయదలచిన ప్రతివారూ మొదటి నెలలోనే తట్టుకొని పడే రాయి ఒకటి ఉన్నది. ‘స్త్రీ’ అన్న మాట నిడివి ఎంత అని కాట్లిన్‌ను అడిగితే 6 అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు. మనకు అది ఒక్క అక్షరం. నింపవలసిన పత్రంలో ‘పేరు ఇన్ని అక్షరాలకు మించరాదు’ అని ఇంగ్లీషును మనసులో పెట్టుకొని షరతు పెడితే ‘లక్ష్మీనరసింహస్వామి’ వంటి పేరు మధ్యలో తెగవచ్చును. పదబంధాల ఆట చేయబోతే గుణింతాలు గళ్ళలో చెల్లాచెదురవుతాయి. ఎస్సెమ్మెస్సులోనూ ఇదే కథ: ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 సంకేతాలు పడితే, తెలుగు అక్షరం ఒక్కటి చేరినా 70కి తగ్గుతుంది, ఆ 70లో గుణింతాలూ పొల్లులూ లెక్కకు వస్తాయి.

చదువరి దృష్టిలో ఒక అక్షరమైన దానిని గుర్తించేందుకు యూనికోడ్ వారి నియమాలున్నవి. ప్రోగ్రామింగ్ భాషలలో వాటిని అమలు చేసే ఉపకరణాలూ ఉన్నవి. కాని చాలాకాలం ఆ నియమాలు సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేసేవి. ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడుగా చూపేవి. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు దీనిని సవరించి, సంయుక్తాక్షరాన్ని విడదీయరాదని నిర్దేశించినారు. పాత ఫోన్లలో పాత నియమమే నడుస్తుంది. రెండు రకాల ఫోన్లలోనూ పరీక్షించి చూడని యాప్‌ను నమ్మరాదు.

ఒకప్పటితో పోలిస్తే ఈ బాధలు స్వల్పమే. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా ఆ ఫోన్లకు అధికారికంగా తెలుగు అక్షరాలే తెలియవు. పెట్టెలు చూసి విసిగినవారు ఓపెరా మినీ బ్రౌజరులో ఒక అమరిక మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకొని చదువుకొనేవారు. నేడు అక్షరాలను పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు చూసుకొంటున్నది. ఖతులకు కూడా కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు యూనికోడ్ తొలినాళ్ళలో తెలుగువారిని ఆదుకొన్నవి. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నవి గనుక యాప్‌లో చేర్చుకొనుటకు ఎవరినీ అడగనక్కరలేదు.

యాప్‌లో కనిపించే మాటలన్నింటినీ ప్రోగ్రాములో చొప్పించక విడి పట్టికలో ఉంచడం ఆండ్రాయిడ్ పద్ధతి. తెలుగుకొక పట్టిక, కన్నడానికొక పట్టిక పెడితే ఫోను భాషను బట్టి తగినది తెరుచుకొంటుంది. సరిహద్దు కుటుంబాల ఫోన్లు సాధారణంగా ఇంగ్లీషులోనో రాష్ట్రభాషలోనో ఉంటాయి. అందుచేత 2022లో ఆండ్రాయిడ్ 13తో వచ్చిన సదుపాయం మనకు వరం: ఫోనంతా తమిళంలో ఉన్నా ఒక యాప్‌ను మాత్రం తెలుగులో పెట్టుకోవచ్చును. ఈ పట్టికను విడిగా చేర్చని యాప్‌లలో ఆ సదుపాయం పనిచేయదు.

ఎవరిని అడగాలి?

ఒంటరిగా నేర్చుకొనేవాడు ఏదో ఒక రాత్రి ఎర్రని దోష సందేశం ఎదుట కూలబడతాడు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుండి ఇటువంటి ప్రశ్నలకు సమాధానాల గని. అక్కడ ‘నా యాప్ పనిచేయుట లేదు, సాయపడండి’ అని వ్రాస్తే ప్రశ్నను మూసివేస్తారు. అది కాఠిన్యం కాదు. లాగ్‌క్యాట్‌లో వచ్చిన దోషపు పాఠం, అందులోనూ ‘కాజ్డ్ బై’ అని మొదలయ్యే పంక్తి, లోపాన్ని చూపగల అతి చిన్న ప్రోగ్రాము, ఏమి ఆశించితిమి, ఏమి వచ్చింది అనే నాలుగు ముక్కలుండాలి. ఈ నాలుగూ వ్రాయబోయేసరికే సగం మందికి జవాబు దొరుకుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ సహాయకులు అడిగినదే తడవుగా ప్రోగ్రాము వ్రాసి ఇస్తున్నవి. వాడుకోవచ్చును. కాని ‘స్త్రీ’ నిడివి 1 అని అవి వ్రాసినప్పుడు తప్పని గుర్తించగలిగినవారికే అవి సేవకులు.

మనుష్యులను కలుసుకొనే వేదికలూ ఉన్నవి. గూగుల్ డెవలపర్ గ్రూపులు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలలో ఉచిత సమావేశాలు జరుపుతాయి. బెర్లిన్‌లో 2009లో మొదలైన డ్రాయిడ్‌కాన్ సదస్సు 2011లో బెంగళూరుకు వచ్చింది. హోసూరు నుండి బెంగళూరు బస్సు ప్రయాణమంత దూరమే. ఆడపిల్లలకు 2010లో మొదలైన టెక్నోవేషన్ పోటీ ప్రత్యేకంగా చెప్పదగినది: 8 నుండి 18 ఏండ్ల బాలికలు జట్టుగా చేరి, తమ ఊరి సమస్య ఒకదానికి యాప్ తయారు చేస్తారు, పాఠాలు ఉచితం. ఎఫ్-డ్రాయిడ్ అనే భాండారంలోని ప్రతి యాప్ మూలప్రతిని చదువుకోవచ్చును. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వారి ఇండిక్ కీబోర్డు మూలప్రతి కూడా బహిరంగమే. మలయాళీలు చేసిన ఆ పనిలో తెలుగు మీటల అమరిక కూడా ఉన్నది.

పల్లెటూరి బడిలో ఇవన్నీ సాధ్యమా అని సందేహించేవారు రాజస్థాన్‌లోని ఆల్వార్‌ను తలచుకోవచ్చును. అక్కడి ప్రభుత్వ సంస్కృత పాఠశాల ఉపాధ్యాయుడు ఇమ్రాన్ ఖాన్ సొంతంగా నేర్చుకొని యాభైకి పైగా విద్యా యాప్‌లు చేసి ఉచితంగా ఇచ్చినారు. 2015 నవంబరులో లండన్‌లోని వెంబ్లీ సభలో ప్రధానమంత్రి ఆయన పేరు ప్రస్తావించినప్పుడు దేశానికి తెలిసినది.

పన్నెండుగురు, పద్నాలుగు దినాలు

యాప్ తయారైన తరువాత అందరికీ అందించుట మరొక ఘట్టం. గూగుల్ ప్లేలో ఖాతాకు 25 డాలర్లు, అనగా రెండు వేల రూపాయలకు పైన, ఒక్కసారి చెల్లించాలి. ఆపిల్ వారికి ఏటా 99 డాలర్లు. ప్లే ఖాతా తెరిచేవారికి పద్దెనిమిదేండ్లు నిండి ఉండాలి గనుక బడిపిల్లల విషయంలో తల్లిదండ్రులలో ఒకరు ముందుకు రావలసి ఉంటుంది.

2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు మరొక నిబంధన వచ్చింది. యాప్‌ను లోకానికి విడుదల చేసే ముందు ఇరవైమంది పరీక్షకులు వరుసగా పద్నాలుగు దినాలు అందులో నమోదై ఉండాలన్నారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను పన్నెండుకు తగ్గించినారు. మధ్యలో ఒకరు తప్పుకొని సంఖ్య తగ్గితే లెక్క చెడుతుంది. ఊరూపేరూ లేని కుర్రవానికి ఇది గోడ వలె కనబడుతుంది. డబ్బు తీసుకొని పరీక్షకులను సమకూర్చే వ్యాపారాలూ పుట్టుకొచ్చినవి. వాటి జోలికి పోరాదు. వాళ్ళు యాప్ తెరిచి చూచేది కూడా అనుమానమే. గడువు ముగిసిన పిమ్మట పరీక్షలో ఏమేమి తెలిసినవని గూగుల్ వారు ప్రశ్నలడుగుతారు, అప్పుడు చెప్పుటకు ఏమీ ఉండదు.

లిపి మార్పిడి యాప్‌కు కావలసిన పన్నెండుగురు వీధిలోనే ఉన్నారు. తెలుగు చదవలేని పిల్లలు నలుగురు, కన్నడం చదవలేని అవ్వలు తాతలు ముగ్గురు, కిరాణా కొట్టు యజమాని, ఆలయ అర్చకుడు, పాత ఫోను వాడే మేనమామ, కొత్త ఫోను కొన్న పిన్ని, బస్టాండులో జిరాక్సు నడిపే ఆయన. అందరికీ గూగుల్ ఖాతా ఉండాలి. నమోదు చేయించి, వారం గడిచాక ఒకసారి ఇంటింటికీ వెళ్ళి, యాప్ తొలగించలేదు కదా అని చూసి, ఎక్కడ పెట్టెలు కనిపించినవో, ఏ మాట చదవలేకపోయినారో నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. మేనమామ పాత ఫోనులో ‘స్త్రీ’ ఎట్లు కనబడుతున్నదో ముందుగా చూడాలి.